చూపు చేయు పనిని మాట చేయవలెను

ఋశ్యమూక పర్వతప్రాంతమునకు వచ్చిన రామలక్ష్మణులెవరో తెలిసికొని రమ్మని సుగ్రీవుడు పంపగా, భిక్షురూపమున వారి యెదుట నిలిచి హనుమంతుడు మాటలాడిన తీరును గూర్చి శ్రీరాముడు తమ్మునితో పలికిన ప్రశంస వాల్మీకి రామాయణమున కిష్కింధాకాండము మూడవ సర్గలో నున్నది. ఆ ప్రశంసలో రెండు మాటలు ఇచట గమనింపదగినవి. ముఖమునందు గాని, నేత్రములందు గాని, లలాటమునందు గాని, కనుబొమలయందు గాని ఇతనికి ఏ దోషమును కనబడలేదనుట మొదటిది. ఇతని పలుకు అతివిస్తారము గాక, సందేహమునకు తావీయక, సాగక, తొందరపడక, మధ్యమస్వరమున నడచినదనుట రెండవది. క్రొత్తగా పరిచయమైన వ్యక్తి యోగ్యతను మనము నేటికిని ఈ రెండింటితోడనే కొలుచుచున్నాము.

టెలిఫోనులో జరుగు ఉద్యోగపు ఇంటర్వ్యూయందు ఆ మొదటి కొలతకు అవకాశము లేదు. ముఖప్రసన్నత, నమస్కారము, వినయముతో కూర్చున్న తీరు, అర్థమైనదని తెలుపు తలయూపు, ఇస్త్రీ మడత చెడని చొక్కా, ఇవి యేవియు ఆవలి వైపునకు చేరవు. చేరునది పలుకొక్కటియే. కావున చూపు చేయవలసిన పనిని సైతము మాటయే చేయవలెననునది ఈ అధ్యాయమునకు మూలసూత్రము. ఇందు చెప్పబోవు సన్నాహమంతయు ఆ యొక్క సూత్రమునుండి పుట్టినదే.

వినువారొకరు, నిర్ణయించువారొకరు

అనేక సంస్థలలో మొదటి టెలిఫోను సంభాషణ ఎంపిక కాదు, వడపోత. ఒక్క ప్రకటనకు వచ్చిన దరఖాస్తుల కుప్పలోనుండి ఎవరిని నేరుగా పిలిపించి మాటలాడవలెనో తేల్చుటకై హెచ్.ఆర్. విభాగమువారు పావుగంట మొదలు అరగంట వరకు మాటలాడుదురు. వారి యెదుట ఒక పట్టిక యుండును. ఇప్పుడు చేయుచున్న పని, అనుభవము, నోటీసు పీరియడ్, ప్రస్తుత జీతము, ఆశించు జీతము, హైదరాబాదునకో బెంగళూరునకో తరలి వచ్చుటకు సమ్మతి, రాత్రి షిఫ్టులకు అభ్యంతరము, మాటతీరు అను గడులను నింపుకొనుచు వారు ప్రశ్నింతురు. అభ్యర్థి భవితవ్యమును నిర్ణయించు అధికారి అనేక పర్యాయములు ఆ సంభాషణను వినడు. విన్నవారు వ్రాసియుంచిన నాలుగు పంక్తులను మాత్రమే చదువును.

ఈ సంగతి గ్రహించిన అభ్యర్థి తన లక్ష్యమును మార్చుకొనును. వినువారిని మెప్పించుట మాత్రమే చాలదు. వారు వ్రాసికొనుటకు వీలగునట్లు మాటలాడవలెను. “చాలా కష్టపడి పనిచేసితిని” అన్న మాటను ఏ గడిలో వ్రాయుదురు? “నలుగురితో కలిసి ఆరు నెలలలో బిల్లింగు విధానమును మార్చితిమి, అందు నా వంతు పరీక్షించుట” అన్న మాట ఉన్నదున్నట్లు కాగితము మీదికి దిగును. సంఖ్యయు, కాలమును, తాను చేసిన వంతును గల వాక్యము వ్రాయువాని చేతికి సులువు, చదువువాని కంటికి స్పష్టము. అటు తరువాత సాంకేతిక నిపుణులు ఫోనులో జరుపు రెండవ విడత వేరు జాతి. అచట విషయజ్ఞానమే ప్రధానము. కాని ఆ గుమ్మము చేరుటకు ఈ గుమ్మము దాటవలెను.

యంత్రముయొక్క స్వభావము

మన కంఠధ్వనినంతటిని టెలిఫోను మోసికొని పోదు. సంప్రదాయ టెలిఫోను మార్గము సెకనుకు 300 మొదలు 3400 కంపనముల మధ్యనున్న ధ్వనిని మాత్రమే అనుమతించును. ఇంగ్లీషు ‘ఎస్’, ‘ఎఫ్’ అక్షరములలోని ఊష్మధ్వని బలములో పెద్దపాలు ఈ పరిధికి పైననే యుండుటచేత ఆ రెండును ఫోనులో ఒకదానివలె మరియొకటి వినబడును. నేటి వోల్టీ పిలుపులలో 7000 కంపనముల వరకు పోవు విస్తృతధ్వని సాధ్యమే యైనను, అది ఇరువైపుల ఫోనులును, నడుమనున్న మార్గమును అనుకూలించినప్పుడు మాత్రమే లభించును.

కావున ఈ-మెయిలు చిరునామాయో, పేరులోని అక్షరములో చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క పదమును తోడిచ్చి చెప్పుట క్షేమకరము. స్వదేశీయులతో ‘ఎస్ ఫర్ శ్రీకాకుళం’ అన్నను చాలును; విదేశీయులతోనైనచో అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 1956లో అమలునకు తెచ్చిన సియెర్రా, ఫాక్స్‌ట్రాట్, మైక్, నవంబర్ మొదలగు సంకేతములు ఉపకరించును. ఇంగ్లీషున ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’లకు గల తేడా ఫోనులో తరచుగా మాసిపోవును, ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని విడదీసి మరల చెప్పవలెను. ఫోను నంబరు చెప్పునప్పుడు ‘డబుల్ ఫైవ్’, ‘ట్రిపుల్ జీరో’ అనుట మనకు అలవాటు. అమెరికాలోని శ్రోతకు అది తడబాటు. లక్షలును వారికి పరిచితములు కావు. పది లక్షలను ఒక మిలియన్ అనవలెను. ఇంటిపేరు ముందుంచి వ్రాసికొను మన ఆచారమువలన విదేశీయులు ఇంటిపేరుతోనే పిలుచుట కలదు; పిలువవలసిన పేరేదో సంభాషణారంభముననే తెలిపినచో తరువాతి ఇబ్బంది తొలగును.

యంత్రమునకు రెండవ గుణము ఆలస్యము. ఎదురెదురుగా కూర్చుండి మాటలాడునప్పుడు ఒకరు ముగించుటకును మరియొకరు అందుకొనుటకును మధ్య సెకనులో అయిదవ వంతు పాటి విరామమే యుండును. దూరపు పిలుపులలో మాట చేరుటకే అంత కాలము పట్టవచ్చును. ఒకవైపు ఆలస్యము 150 మిల్లీసెకన్ల లోపల నుండుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము సూచించినను, ఇంటర్నెట్టు మీది పిలుపులు అంతకు మించుట వింత కాదు. ఇరువురును ఒక్కమారే మాటలాడుట, ఇరువురును ఒక్కమారే ఆగుట అందుచేతనే సంభవించును. ప్రశ్న ముగిసినదని తోచిన పిమ్మట ఒక ఊపిరి పాటు ఆగి ఆరంభించుటయు, మాటలు ఢీకొన్నచో వెంటనే “మీరు చెప్పండి” అని తగ్గుటయు దీనికి విరుగుడు.

స్థలము, కాలము

ఇల్లు ఇంటర్వ్యూకు కట్టినది కాదు. కుక్కరు ఈల, వీధిలో కూరగాయల బండి మైకు, పక్కగదిలోని టీవీ ధారావాహిక, హాస్టలులో సహవాసుల కేకలు, ఇవన్నియు అభ్యర్థి కంఠముతోపాటు ఆవలికి ప్రయాణము చేయును. అమీర్‌పేట హాస్టలులో నలుగురితో గది పంచుకొను యువకునికి నిశ్శబ్దమైన చోటు దొరకుట సులభము కాదు; అట్టివాడు ముందురోజుననే స్నేహితుని గదినో, గ్రంథాలయపు వరండానో, మూసి నిలిపియుంచిన కారునో చూచుకొనవలెను. ఇంటనున్నవారికి గంట ముందుగా కాదు, ఉదయముననే చెప్పి, తలుపుమీద కాగితము అంటించుట మంచిది. చెప్పినది మరచుట పెద్దలకును పిల్లలకును సమానమే గదా!

ఎచట కూర్చున్నచో సిగ్నలు నిలకడగా నుండునో ముందుగా ఎవరికైనను ఫోను చేసి పరీక్షించుకొనవలెను. వైఫై మీద ఆధారపడినచో కరెంటు పోయిన క్షణముననే మాటయు పోవును. స్పీకరు పెట్టి మాటలాడినచో గది ప్రతిధ్వని చేరి కంఠము నూతిలోనుండి వచ్చినట్లుండును. తీగ గల ఇయర్‌ఫోను శ్రేష్ఠము. కాల్ వెయిటింగు ఆపవలెను. తెలియని నంబర్లనుండి వచ్చు పిలుపులను మూగపుచ్చు ఏర్పాటు ఫోనులో నున్నచో తప్పక తీసివేయవలెను. ఉద్యోగమిచ్చువారి నంబరు మన ఫోనుకు తెలియనిదే కదా.

విదేశములనుండి వచ్చు పిలుపులకు గడియారము మరియొక సమస్య. మనకాలము ఏడాది పొడవున మారదు. అమెరికాలో మార్చి రెండవ ఆదివారమున గడియారములు గంట ముందునకును, నవంబరు మొదటి ఆదివారమున గంట వెనుకకును జరుగును. అందుచేత న్యూయార్కుకును మనకును చలికాలమున 10.30 గంటలు, వేసవిని 9.30 గంటలు వ్యత్యాసము. దుబాయి మనకు 1.30 గంటలు, రియాద్ 2.30 గంటలు వెనుక. సమయము నిశ్చయించుకొనునప్పుడు “మీ కాలమా, మా కాలమా” అని అడిగి, రెండింటిని వ్రాసి జాబులో ధ్రువపరచుకొనుట వివేకము.

ఇక ముందుగా తెలుపక, బస్సులోనో బజారులోనో ఉన్నప్పుడు వచ్చు పిలుపు. అప్పుడు అరచి సమాధానము లిచ్చుటకన్న, “నమస్కారమండీ, ఫోను చేసినందుకు సంతోషం. ఇప్పుడు బస్సులో ఉన్నాను, మీ ప్రశ్నలు సరిగా వినబడకపోవచ్చు. నాలుగు గంటలకు నేనే చేయనా, లేక మీకు వీలైన సమయం చెబుతారా?” అని అడుగుట మేలు. దీనిని తప్పుగా తలచువారు అరుదు. అడిగి, పేరును నంబరును వ్రాసికొని, చెప్పిన వేళకు చేయకపోవుట మాత్రము క్షమింపరాని దోషము.

కాగితము ఎదుట నుండవచ్చును, చదువరాదు

టెలిఫోను ఒక చేత తీసికొన్నదానిని మరియొక చేత ఇచ్చినది. ముఖాముఖి ఇంటర్వ్యూలో కాగితము చూచుట కుదరదు, ఇచట కుదురును. రెజ్యూమే ప్రతి, ఉద్యోగ ప్రకటన, సంస్థ చేయు వ్యాపారమును గూర్చి నాలుగు ముక్కలు, తాను చేరిన విడిచిన తేదీలు, మార్కుల శాతములు, తాను అడుగదలచిన రెండు ప్రశ్నలు, ఒక కలము, ఒక తెల్లకాగితము, మంచినీళ్లు బల్లమీద నుంచుకొనవలెను.

కాని ఈ సౌకర్యమునందే ప్రమాదము పొంచియున్నది. పాణినీయశిక్ష పాఠకులలో అధములని ఆరుగురిని పేర్కొన్నది. రాగము తీసి చదువువాడు, తొందరగా చదువువాడు, తల యూపుచు చదువువాడు, వ్రాసిన దానిని చూచి చదువువాడు, అర్థము తెలియనివాడు, కంఠము పెగలనివాడు. ఇందు తల యూపువాడొక్కడు టెలిఫోనులో దొరకడు. మిగిలిన అయిదుగురును వెంటనే దొరకిపోవుదురు. వ్రాసిన దానిని చదువువాని వాక్యములు సమానమైన పొడవుతో, విరామములు తప్పు చోట్ల, ఆలోచన జాడ లేకుండ నడచును. ప్రశ్నించువారు మధ్యలో ఒక చిన్న ప్రశ్న వేసినచో అతడు పంక్తి తప్పి నీళ్లు నములును. కావున కాగితముమీద వాక్యములు వ్రాయరాదు. పదములు మాత్రమే వ్రాయవలెను. ‘బిల్లింగు – ఆరు నెలలు – నలుగురు – పరీక్ష’ అని యున్నచో వాక్యమును నోరు అప్పటికప్పుడు కూర్చుకొనును. అట్లు కూర్చుకొన్న వాక్యమునందే ప్రాణముండును.

ప్రక్కన స్నేహితుని కూర్చుండబెట్టుకొని చెవిలో చెప్పించుకొనుట, కీబోర్డు టకటకలాడించుచు అంతర్జాలములో సమాధానము వెదకుట, అంతకు మించి తన బదులు వేరొకనిచేత మాటలాడించు ప్రాక్సీ ఇంటర్వ్యూ, ఇవి సన్నాహములు కావు, వంచనలు. పట్టుబడినచో ఉద్యోగముతోపాటు పేరును పోవును. పట్టుబడనిచో చేరిన మొదటి వారముననే, చెప్పినవారికిని చేయువానికిని గల అంతరము బయటపడును.

“మీ గురించి చెప్పండి”

సాధారణముగా సంభాషణ ఈ ప్రశ్నతోనే మొదలగును. మనవారిలో పెక్కుమంది దీనికి ఊరు, తండ్రిగారి వృత్తి, తల్లిగారు గృహిణి, అన్నదమ్ములెందరు, పదవ తరగతి ఎచట, ఇంటరు ఎచట, క్రికెట్టు ఇష్టము, పాటలు వినుట అలవాటు అను క్రమమున సమాధానము చెప్పుదురు. ఇది పెండ్లిచూపులకు తగిన పరిచయమే గాని ఉద్యోగమునకు తగినది కాదు. పట్టికలోని యే గడియు దీనితో నిండదు.

గుంటూరులో మిర్చి నిల్వయుంచు ఒక కోల్డ్ స్టోరేజిలో లెక్కలు చూచుచున్న బి.కాం. పట్టభద్రుడు హైదరాబాదులో అకౌంట్సు ఉద్యోగమునకు దరఖాస్తు చేసినాడనుకొందము. అతడు ఇట్లు చెప్పవచ్చును: “గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజిలో మూడేళ్లుగా అకౌంట్సు చూస్తున్నానండీ. నా పని రెండు భాగాలు. ఒకటి, ట్యాలీలో రోజువారీ పద్దులు. రెండోది, జి.ఎస్.టి. రిటర్నులు, ప్రతి నెలా 11వ తేదీలోగా ఆర్-1, 20వ తేదీలోగా 3బి దాఖలు చేస్తాను. ఈ మూడేళ్లలో ఆలస్య రుసుము కట్టవలసిన అవసరం రాలేదు. మీ ప్రకటనలో బ్యాంకు రీకన్సిలియేషన్ అడిగారు, అది నెలనెలా చేస్తున్నదే. ఇందులో ఏది వివరంగా చెప్పమంటారండీ?”

ఇది చెప్పుటకు నిమిషము చాలును. ఇందు ‘రెండు భాగాలు’ అన్న మాట వేలు చూపు పనిని చేయుచున్నది. వినువారు ‘ఒకటి’, ‘రెండు’ అని వ్రాసికొందురు. చివరి ప్రశ్న, ఎదుటివారి ముఖము చూచి ఇంక చాలునని గ్రహించు పనిని చేయుచున్నది. ముఖము కనబడనప్పుడు ఎంతవరకు చెప్పవలెనో తెలియక అభ్యర్థులు చెప్పుకొనుచునే పోవుదురు; టెలిఫోను ఇంటర్వ్యూలలో అతి తరచగు దోషమిదియే. ముగించినానని మాటతో తెలుపుట అలవరచుకొన్నవానికి ఆ దోషమంటదు.

మౌనమునకును ఇట్లే మాట తోడు కావలెను. ఎదురుగా నున్నప్పుడు నొసలు ముడిచి ఆలోచించుట కనబడును. ఫోనులో ఆ మౌనము లైను తెగినట్లుండును. “ఒక్క క్షణం ఆలోచించి చెబుతానండీ” అని చెప్పి ఆలోచించినచో అయిదారు క్షణముల నిశ్శబ్దము మర్యాదగానే యుండును. ప్రశ్న సగమే వినబడినచో “ఏమిటండీ?” అని ఊరకొనక, “నోటీసు పీరియడ్ వరకు వినబడింది, తరువాతి మాట మరొకసారి చెప్పగలరా” అని వినబడినదానిని తిరిగి అప్పగింపవలెను. ఎదుటివారు మాటలాడుచుండగా మాటమాటకు ‘ఊఁ’ కొట్టుట వారి వాక్యమును కోయును. వాక్యాంతమున ‘అవునండీ’ అన్న ఒక్క మాట తలయూపునకు చాలును. తెలియని ప్రశ్నకు తెలియదనుటయే ఉత్తమము. “అది నేను చేయలేదు, దానికి దగ్గరైన పని ఇది చేశాను” అని కలిపినచో మరింత ఉత్తమము. ఇంగ్లీషులో ప్రశ్నించినచో చిన్న వాక్యములతో ఇంగ్లీషుననే సమాధానమిచ్చుటయు, వారే తెలుగులోనికి దిగినప్పుడు మీరు, అండీ అను మన్నన తప్పక మాటలాడుటయు తగును.

జీతము, నోటీసు, విరామము

ఈ మూడు ప్రశ్నలకు సమాధానము ముందుగానే కాగితముమీద నుండవలెను. సి.టి.సి. అను మొత్తము చేతికి వచ్చు జీతము కాదు. అందు ప్రావిడెంట్ ఫండునకు యజమాని చెల్లించు వాటా, సాధారణముగా మూలవేతనము కరువుభత్యములపై 12 శాతము, గ్రాట్యుటీకై కేటాయించు సొమ్ము, కొన్నిచోట్ల పనితీరును బట్టి వచ్చునో రాదో తెలియని భాగమును కలిసియుండును. ప్రస్తుత జీతము చెప్పునప్పుడు ఏ లెక్క చెప్పుచున్నామో తెలుపక చేతికి వచ్చునది చెప్పినవాడు నష్టపోవును. ఆశించు జీతము అడిగినప్పుడు ఈ ఉద్యోగమునకు వారు నిర్ణయించిన పరిధి యేదని మర్యాదగా ముందు అడుగవచ్చును; చెప్పనిచో తానొక పరిధి చెప్పవలెను.

మన ఐటీ సంస్థలలో నోటీసు పీరియడ్ 90 దినములుండుట సాధారణము. దానిని తగ్గించి చెప్పుట, బ్యాక్‌లాగులను దాచుట, చదువునకు ఉద్యోగమునకు మధ్యనున్న ఖాళీని అనుభవముగా వ్రాయుట తరువాత జరుగు విచారణలో తేలక మానవు. ఖాళీయున్నచో ఒక్క వాక్యములో కారణము, రెండవ వాక్యములో ఆ కాలమున నేర్చినది చెప్పి ఆగిపోవలెను. సంజాయిషీ పొడవైన కొలది అనుమానము పెరుగును.

పిలుపు నిజమైనదేనా?

ఫోనులో ముఖము కనబడకుండుట వంచకునికిని అనుకూలమే. రిజిస్ట్రేషన్ అనియు, శిక్షణ అనియు, లాప్‌టాప్ డిపాజిట్ అనియు డబ్బడుగువారు ఉద్యోగమిచ్చువారు కారు. బ్యాంకు వివరములో, ఓటీపీయో అడిగినచో ఫోను పెట్టివేసి, సంస్థ స్వంత వెబ్‌సైటులోని నంబరునకు తానే చేసి విచారింపవలెను. మోసపోయినచో ఆలసింపక సైబర్ నేరముల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయవలెను. గల్ఫు పిలుపుల విషయమున కరీంనగరు, నిజామాబాదు, కోనసీమ ప్రాంతములవారు మరింత జాగరూకులై యుండదగును. 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైన ఏజెంటేనా యని ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో చూడవలెను. అట్టి ఏజెంటైనను 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి.కి మించి సేవారుసుము తీసికొనరాదు.

ఫోను పెట్టిన పిమ్మట

ముగియుటకు ముందు తరువాతి మెట్టేదో, ఎన్ని దినములలో తెలియునో అడిగి తెలిసికొనవలెను. ఆనాడే నాలుగు పంక్తుల కృతజ్ఞతాలేఖ మెయిలులో పంపవలెను. అందు సంభాషణలో సరిగా చెప్పలేకపోయిన ఒక్క విషయమును చేర్చవచ్చును. వారు చెప్పిన గడువు దాటిన రెండు మూడు దినములకు ఒకమారు విచారించుట ఉచితము. ప్రతిదినము ఫోను చేయుట అనుచితము.

అన్నిటికన్న ముఖ్యమైన పని ఒకటి మిగిలియున్నది. మాటలింకను చెవిలో నుండగనే తెల్లకాగితము తీసికొని, ప్రశ్నించినవారు తమ పట్టికలో తన్ను గూర్చి ఏమి వ్రాసియుందురో అభ్యర్థి తానే నాలుగు పంక్తులు వ్రాసి చూచుకొనవలెను. తాను చెప్పిన మాటలనుండియే వ్రాయవలెను. చెప్పదలచి చెప్పనివానిని చేర్చరాదు. నాలుగు పంక్తులు నిండినచో, ఫలితమెట్లున్నను, పలుకు తన పని చేసినదని నమ్మవచ్చును. నిండనిచో ఏ ప్రశ్నకు తన మాట వ్రాయుటకు వీలులేనంత పలుచనైనదో ఆ కాగితమే చూపును. తరువాతి పిలుపు రాకమునుపే ఆ యొక్క సమాధానమును బిగ్గరగా పలికి సరిదిద్దికొనవలెను.